హీరో మనసు మనకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు కదా!

ఈసారి ఉత్తరాలు రాసినవాళ్లది మన ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం. నలుగురివీ నాలుగు వేరు వేరు కష్టాలు, కానీ ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట 'సినిమాల్లో ఇలాగే ఉంటుంది కదా', 'రీల్స్‌లో చూస్తున్నాం కదా' అనే మాట ఉంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ నాలుగింటికే చోటిస్తున్నాను. పేర్లు వేయలేదు, మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: అప్పా, మాది పర్లాకిమిడి. నాకు 22 ఏళ్లు. ప్లస్ త్రీ (డిగ్రీ) అయ్యాక గుణుపురంలో ఒక మొబైల్ షాపులో చేరాను, రోజూ పాసింజర్‌లో వెళ్లి వస్తాను. అదే బండిలో ఒక అమ్మాయి గుణుపురం కాలేజీకి వస్తుంది. ఎనిమిది నెలలుగా ప్రేమిస్తున్నాను. ఆమె ఎక్కిన పెట్టెలోనే ఎక్కుతాను, దిగాక కాలేజీ గేటు దాకా వెనకే వెళ్తాను, ఒక్కరోజు కూడా తప్పుగా ప్రవర్తించలేదు. రెండుసార్లు మాట్లాడబోతే 'నా వెనక రావద్దు' అంది. ఇన్‌స్టాలో బ్లాక్ చేసింది, వేరే అకౌంట్ తెరిచి చూస్తున్నాను. 'ఏ సినిమాలో అయినా మొదటిసారే ఒప్పుకుందా, వదలకు' అంటున్నారు ఫ్రెండ్స్. వచ్చే నెల ఆమె పుట్టినరోజు. స్టేషన్లో అందరి ముందూ పువ్వులిచ్చి చెప్పేద్దామని ఉంది. ఏమంటారు?

జవాబు: వద్దు తమ్ముడూ. పువ్వులు కొనకు, స్టేషన్లో ఏమీ చేయకు. ఈ జవాబు సగం చదివి నువ్వు పక్కన పడేసినా ఈ ఒక్కమాట నీకు అందాలని ముందే రాసేశాను, ఎందుకన్నది ఇక చెప్తాను.

అప్పా అని పిలిచావు. మన వైపు అక్కని అప్ప అంటాం, ఒడియా వాళ్లు కూడా అపా అంటారు, ఆ పిలుపు చదివితే సొంత తమ్ముడే ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది, కాబట్టి తమ్ముడికి చెప్పినట్టే గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు.

సినిమాలో హీరో అమ్మాయి వెనక తిరుగుతుంటే మనకు భయం వేయదు. వాడు మంచివాడని మనకు ముందే చూపించేస్తారు కాబట్టి వేయదు. వాళ్లమ్మ దగ్గర ఎంత గారాబంగా ఉంటాడో చూశాం, స్నేహితుడి కోసం ఎలా దెబ్బలాడాడో చూశాం, రాత్రి మేడ మీద ఒక్కడే కూర్చుని ఆ పిల్లని తలుచుకోవడం చూశాం, వెనక నుంచి ఆ సంగీతం ఒకటి, వాడి మనసులో ఉన్నదంతా మన గుండెలోకి దించేస్తుంది. ఇదంతా చూసింది మనం. ఆ అమ్మాయి చూడలేదు. నీ విషయంలోనూ అంతే: నీ మనసు నీకు తెలుసు, నీ ఫ్రెండ్స్‌కు తెలుసు, ఇప్పుడు నాకూ కాస్త తెలుసు. ఆ అమ్మాయికి తెలిసిందల్లా ఒక ముక్కూ మొహం తెలియని అబ్బాయి ఎనిమిది నెలలుగా రోజూ తన పెట్టెలోనే ఎక్కుతున్నాడు, వద్దని రెండుసార్లు చెప్పినా ఆగలేదు, బ్లాక్ చేసినా ఇంకో దారిలో వచ్చి చూస్తున్నాడు. ఒక్కరోజు కూడా తప్పుగా ప్రవర్తించలేదన్నావు. రేపు ప్రవర్తించవని ఆమెకు ఎలా తెలుస్తుంది చెప్పు?

నేను ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు పాఠాలు చెప్పాను. ఇలాంటిది జరిగినప్పుడు వాళ్లు ఇంట్లో చెప్పరు. చెబితే ఆ అబ్బాయిని ఆపరు, తన చదువు ఆపేస్తారని వాళ్ల భయం. అది ఉత్తి భయమూ కాదు. 'రోజూ రైల్లో ఎందుకులే, ఇంట్లోనే ఉండి కుట్టుపని నేర్చుకో' అని మాన్పించేసిన పిల్లల్ని నా క్లాసులోనే చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. నీ పక్క సీట్లో పుస్తకం తెరిచి తల దించుకుని కూర్చునే ఆ అమ్మాయి, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ దాటి వంశధార ఒడ్డున గుణుపురం చేరేదాకా ఎంత టెన్షన్ పడుతోందో ఒక్కసారి ఊహించుకో. ఆ ప్రయాణం ఆమెకు చదువుకు దారి. నీవల్ల అది భయపడుతూ వెళ్లే దారి అయింది.

ఇక ఫ్రెండ్స్ మాట. సినిమాలో మొదటిసారే ఎందుకు ఒప్పుకోదంటే, ఒప్పుకుంటే కథ అయిపోతుంది. అలాగని ఆమె వద్దంది, హీరో సరేనని ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నాడు అంటే అప్పుడూ కథ లేదు. రెండున్నర గంటలు నడవాలంటే ఆ 'వద్దు' ఎప్పటికైనా 'సరే'గా మారి తీరాలి, అది కథ రాసేవాళ్ల అవసరం. దాన్ని ఆడవాళ్ల స్వభావం అనుకోబట్టే ఇంత అనర్థం వస్తోంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన జూలియా లిప్మన్ దీని మీదే అధ్యయనం చేశారు. వెంటపడటాన్ని తీయగా చూపించిన సినిమా కొందరు అమ్మాయిలకు, భయం కలిగేలా చూపించిన సినిమా ఇంకొందరికి వేసి, తర్వాత వాళ్ల అభిప్రాయాలు అడిగారు. తీయగా చూపించిన సినిమాలో బాగా లీనమైనవాళ్లు, అది నిజంలా ఉందనుకున్నవాళ్లు, వెంటపడటం పెద్ద తప్పేం కాదు అన్నవైపు మొగ్గారు. చూసినవాళ్లు ఆడపిల్లలే, గమనించు. వాళ్ల ఆలోచనే అలా మారితే, హీరో స్థానంలో తమని తాము పెట్టుకుని చూసే మగపిల్లల సంగతి నువ్వే ఆలోచించు.

చట్టం మాట కూడా చెప్పాలి. నిన్ను భయపెట్టడానికి కాదు, నీకు తెలియకపోతే నష్టపోయేది నువ్వే. ఇష్టం లేదని ఆడమనిషి స్పష్టంగా చెప్పాక కూడా పదే పదే వెంట వెళ్లడం, మాట్లాడాలని ప్రయత్నించడం, ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి చూడటం నేరం. 2013లోనే చట్టంలోకి తెచ్చారు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉంది. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా; మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. నువ్వు రాసిన ఉత్తరంలో ఆ మూడూ ఉన్నాయి తమ్ముడూ.

రేపటి నుంచి వేరే పెట్టె ఎక్కు. వీలైతే కొన్నాళ్లు బస్సులో వెళ్లు, కాస్త ఖర్చయినా ఫర్వాలేదు. ఆ రెండో అకౌంట్ తీసెయ్. సారీ చెప్పడానికి కూడా ఆమె దగ్గరికి వెళ్లకు, ఫ్రెండ్ చేత చెప్పించకు. నువ్వు కనిపించకుండా పోవడమే ఆమెకు కావలసిన సారీ. మొదటి రెండు మూడు వారాలు నీకు చాలా కష్టంగా ఉంటుంది, నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఆ బాధ అబద్ధమని నేను అనను. ఎనిమిది నెలలు ఒక మనిషిని మనసులో పెట్టుకుంటే ఆ చోటు ఖాళీ కావడం మాటలు కాదు. మరీ ఉండలేకపోతే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వదలకు అన్న ఆ ఫ్రెండ్స్‌తో మాత్రం ఈ విషయం ఇక మాట్లాడకు.

ప్రశ్న: అక్కా, నేను బరంపురంలో ప్లస్ త్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఇద్దరిదీ రెండేళ్ల పరిచయం, తను పట్టుచీరల షాపులో లెక్కలు చూస్తాడు. మంచివాడే. కానీ నా ఫ్రెండ్స్ వాళ్ల బాయ్‌ఫ్రెండ్స్ గోపాల్‌పూర్ బీచ్‌కు తీసుకెళ్లి సర్‌ప్రైజ్‌లు ఇస్తారు, రీల్స్ పెడతారు. తను ఒక్క సర్‌ప్రైజ్ ఇవ్వలేదు, నా ఫొటో ఎప్పుడూ స్టేటస్ పెట్టలేదు. నేను అలిగినా ఎందుకలిగానో తెలుసుకోడు, 'చెప్తే కదా తెలిసేది' అంటాడు. నిజంగా ప్రేమ ఉంటే చెప్పకుండానే తెలియాలి కదా అక్కా? విడిపోదామా అనిపిస్తోంది.

జవాబు: చెల్లీ, గోపాల్‌పూర్‌లో తీసిన ఆ రీల్ ఈసారి చూసినప్పుడు ఒకటి గమనించు. అమ్మాయి కళ్లు మూసుకుని ఉంది, అబ్బాయి మోకాలి మీద కూర్చున్నాడు, వెనక సముద్రం. మరి ఫోన్ ఎవరి చేతిలో ఉంది? అక్కడ మూడో మనిషి ఉన్నారు. ఆ మూడో మనిషి ఉన్నారని ఆ అమ్మాయికి తెలుసు, సరిగా రాకపోతే మళ్లీ కళ్లు మూసుకుని ఉంటుంది, ఆ తర్వాత పాట ఏది పెట్టాలని అరగంట మాట్లాడుకుని ఉంటారు. వాళ్లది ప్రేమ కాదని నేను అనడం లేదు. ఆ అరనిమిషాన్ని తెచ్చి నీ రెండేళ్ల పక్కన పెట్టి కొలుస్తున్నావు, అది కొలత కాదు అంటున్నాను. పైగా ఒక్క సర్‌ప్రైజ్ రీల్ చివరిదాకా చూశావా, ఫోన్ అలాంటివే ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. వారం తిరిగేసరికి ఊళ్లో అందరు అబ్బాయిలూ బెలూన్లు కట్టేవాళ్లే, నీవాడొక్కడే కట్టనివాడు అన్నట్టు అనిపిస్తుంది.

క్రిస్ సెగ్రిన్, రాబిన్ నాబి అనే ఇద్దరు పరిశోధకులు పెళ్లికాని కాలేజీ పిల్లల్ని అడిగి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తమ్మీద టీవీ ఎక్కువ చూసేవాళ్లకు పెళ్లి గురించి ఊహలు ఎక్కువేం లేవు, పైగా తక్కువే ఉన్నాయి. ప్రేమకథలు, పెళ్లికథలు ఎక్కువ చూసేవాళ్లకు మాత్రం భాగస్వామి ఇలా ఉండాలి, మనసెరిగి నడుచుకోవాలి అన్న ఆశలు ఎక్కువగా ఉన్నాయి. అలాంటి ఆశలున్నవాళ్లే వెతుక్కుని ఆ కథలు చూస్తారేమో కూడా, కాబట్టి తప్పంతా టీవీదే అని తేల్చలేం. అయినా నీ ఫోన్‌లో నువ్వు ఏం చూస్తున్నావో, నీ అలకలు ఏ రోజుల్లో ఎక్కువ అవుతున్నాయో ఒక రెండు వారాలు నువ్వే గమనించుకో. నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.

చెప్పకుండానే తెలియాలి అన్నావు. కథలో హీరోకు ఎలా తెలుస్తుందంటే, రాసినవాళ్లు చెప్తారు కాబట్టి తెలుస్తుంది. నీ బాయ్‌ఫ్రెండ్‌కు చెప్పేవాళ్లెవరూ లేరు, పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులో లెక్కలు చూసి వచ్చి నీ మొహం చూసి ఇవాళ దేనికి కోపమో ఊహించాలి, తప్పు ఊహిస్తే ప్రేమ లేనట్టు. ఇది పరీక్ష పెట్టి ప్రశ్న దాచేసినట్టు ఉంది చెల్లీ. అతను 'చెప్తే కదా తెలిసేది' అంటున్నాడంటే, నువ్వు చెప్తే వింటానంటున్నాడు. ఆ మాట అననివాళ్లతో ఏళ్ల తరబడి కాపురం చేసిన ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు.

రేమండ్ నీ (Knee) అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1998లో రెండు రకాల నమ్మకాల గురించి రాశారు. రాసిపెట్టి ఉంటేనే కలుస్తాం అనేది ఒకటి, కలిసి దిద్దుకుంటూ పెంచుకుంటాం అనేది రెండోది. మొదటి నమ్మకం గట్టిగా ఉన్నవాళ్లు చిన్న తేడా రాగానే 'అయితే ఇది నా కోసం రాసింది కాదు' అనుకుని తప్పుకునే వీలు ఎక్కువ. మన పాటలన్నీ మొదటి నమ్మకం మీదే ఉంటాయి, జన్మజన్మల బంధం అంటూ. పాటగా నాకూ ఇష్టమే. పాట పట్టుకుని మనిషిని వదులుకోవడం ఇష్టం లేదు.

అయితే నీ కోరిక తప్పని మాత్రం అనుకోకు. నా గురించి కాస్త ఆలోచించాలి, నన్ను ప్రత్యేకంగా చూడాలి అని కోరుకోవడం న్యాయమే, దానికి సిగ్గుపడక్కర్లేదు. నోరు తెరిచి అడుగు: 'నెలకోసారి మనిద్దరం ఫోన్లు పక్కన పెట్టి ఎక్కడికైనా వెళ్దాం, ఎక్కడికో నువ్వే అనుకో' అను. అప్పుడూ చేయకపోతే అది వేరే సంగతి. ఫొటో విషయం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. స్టేటస్ పెట్టడం ఇష్టం లేని మనుషులు ఉంటారు, అది వాళ్ల తీరు. కానీ రెండేళ్లలో నీ గురించి కనీసం ఒక్క స్నేహితుడికో చెల్లెలికో చెప్పాడా? చెప్పి ఉంటే నిశ్చింతగా ఉండు. నువ్వున్నావని ఎవరికీ తెలియకపోతే మాత్రం ఎందుకని సూటిగా అడగాలి, జవాబు తిన్నగా రాకపోతే అప్పుడు విడిపోవడం గురించి ఆలోచించొచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను రాయగడలో ఉంటాను, మేం తెలుగువాళ్లం. రెండు నెలల్లో నా పెళ్లి, అమ్మాయి వాళ్లు ఒడియా వాళ్లు, పెద్దలు ఒప్పుకున్నారు. ఇద్దరం హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడుకుంటాం, ఎక్కువగా రీల్స్, పాటలే పంపుకుంటాం. తను అరకులో ప్రీ వెడ్డింగ్ షూట్ అడుగుతోంది, డెబ్బై వేలు అవుతుందట. నా జీతం ఇరవై రెండు వేలు. కాదంటే నా మీద ప్రేమ లేదనుకుంటుందేమో.

జవాబు: బాబూ, నీ జీతం ఎంతో ఆమెకు తెలుసా? ముందు అది చెప్పు. అప్పు చేసి ఫొటోలు తీయించుకుంటే పెళ్లయ్యాక ఆ వాయిదాలు ఇద్దరూ కట్టాలి. ఊళ్లోనే, నాగావళి ఒడ్డున, తెలిసిన ఫొటోగ్రాఫర్‌తో ఒక పూట తీయించుకోండి, ఆమె సరదా ఎందుకు కాదనాలి. అదే రోజు ఫొటోలు అయ్యాక ఇంకో గంట కూర్చుని డ్రెస్సుల గురించి కాకుండా మాట్లాడుకోండి: ఎక్కడ ఉంటారు, ఆమె ఉద్యోగం చేస్తుందా, మీ నాన్నగారికి నెలకు ఎంత ఇవ్వాలి, పిల్లలకు ఇంట్లో ఏ భాష. ఇవేవీ రీల్‌లో పంపుకోలేరు.

భాష మాట వచ్చింది కాబట్టి. మన పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గరే విని విని నేర్చుకున్నారు, ఏళ్లకు ఏళ్లు పట్టింది, ఆ భాషకు ఆయన రాసిన నిఘంటువు అచ్చయ్యేసరికి 1938. నీకు నిఘంటువు రాసే పని లేదు, రోజుకు నాలుగు ఒడియా మాటలు ఆమె నోటి నుంచి నేర్చుకో. రాయగడలో పుట్టినవాడివి, బజారు ఒడియా నీకు వచ్చే ఉంటుంది, ఇంటి ఒడియా వేరు. వాళ్లమ్మతో ఆమె ఎలా మాట్లాడుతుందో ఆ మాటలు నేర్చుకో, నీ తెలుగు ఆమెకు నేర్పు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుణుపురం. మా అమ్మాయికి 16, ప్లస్ టూ చదువుతోంది. ఒక అబ్బాయితో ఫోన్లో మాట్లాడుతోందని తెలిసింది. అతను దీని పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నాడట, ఎవరితో మాట్లాడావని రోజూ ఆరా తీస్తాడట, చున్నీ లేకుండా ఫొటో పెడితే తిట్టాడట. ఇదేమిటే అంటే 'పొసెసివ్‌గా ఉన్నాడంటే అంత ప్రేమ అమ్మా' అంటోంది. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని చదువు మాన్పించి సంబంధం చూస్తానంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆయనకు చెప్పండి: 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం, సంబంధం మాట ఇంట్లో ఇక ఎత్తొద్దు. చదువు కూడా మాన్పించొద్దు. ఫోన్ లాక్కుంటే ఆ పిల్ల ఇంకొకరి ఫోన్‌లో మాట్లాడుతుంది, ఇప్పుడు మీకు చెప్పినంత కూడా ఇక చెప్పదు. ఇంత వివరంగా మీకు తెలిసిందంటే అది తనే మీకు చెప్పింది. ఎంత పెద్ద విషయమో చూడండి.

పొసెసివ్ అంటే ప్రేమ అని ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంది? వేరేవాడు చూస్తే చేయి చేసుకునే హీరో దగ్గర నేర్చుకుంది, నిజమే. మీరు కోప్పడకపోతే ఇంకో మాట. రాత్రి ఎనిమిదింటికి మీరూ తనూ పక్కపక్కన కూర్చుని సీరియల్ చూస్తారా? మన ఇళ్లలో అందరం చూస్తాం, నేనూ చూస్తాను. అందులో మొగుడు అనుమానిస్తాడు, అరుస్తాడు, భార్య వంటింట్లో ఏడుస్తుంది, నెల తర్వాత ఎప్పుడో ఆయన ఒకసారి పశ్చాత్తాపపడితే మనకు కళ్లనీళ్లు వస్తాయి, 'పాపం, మనసు మంచిదే' అంటాం. ఆ 'పాపం' పక్కన కూర్చున్న పిల్ల చెవిన పడుతుంది. అనుమానం వెనక ప్రేమ ఉంటుంది, ఓర్చుకుంటే బయటపడుతుంది అని ఏళ్ల తరబడి మన ఇంటి గదిలోనే పాఠం జరుగుతోంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదండీ, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చని చెప్తున్నాను. ఈసారి అలాంటి సీన్ వచ్చినప్పుడు 'ఈ మనిషి ఇలా అరిస్తే ఆ పిల్లకు ఎలా ఉంటుందో కదా' అని పైకి అనండి. పాఠం చెప్పినట్టు కాకుండా, ఊరికే అనుకున్నట్టు. రెండోసారో మూడోసారో తనే ఏదో అంటుంది.

అప్పుడు ఆ అబ్బాయిని తిట్టకండి, తిడితే వాడి తరఫున వాదించడం తనకు పని అవుతుంది. అడగండి చాలు: 'నీ పాస్‌వర్డ్ తన దగ్గరుంది, తనది నీ దగ్గరుందా? వాడి ఫోన్ వస్తే నీకు సంతోషంగా ఉంటుందా, లేటుగా ఎత్తానని భయం వేస్తుందా? నువ్వు మాట్లాడటం మానేసిన స్నేహితులు ఎంతమంది?' జవాబు మీకు చెప్పక్కర్లేదు, తనకు తెలిస్తే చాలు. పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరూ కూర్చుని మార్చండి. ఫొటోలు ఏమైనా పంపిందేమో మెల్లగా అడగండి, పంపి ఉంటే అరవకండి, వాటితో ఎవరైనా బెదిరిస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మీ అమ్మాయి మైనర్, చట్టం తన వైపే ఉంటుంది.

తను నోరు తెరిచి చెప్పిన మొదటి రోజు మీరు సలహా ఏదీ ఇవ్వకండి. మొత్తం వినేసి, అన్నం తిన్నావా అని అడిగి పెట్టండి. వాళ్ల నాన్నతో మాట్లాడటం మర్నాటికి ఉంచండి.